బరువులు మోసే కుటుంబ వాగన్‌కు ఎత్తు తగ్గించే స్ప్రింగులు వేయించవచ్చా? (వోల్వో వీ70)

నెక్కర్‌తీరం, స్టుట్‌గార్ట్

అందరికీ నమస్కారం. మాది 2011 నాటి వోల్వో వీ70 డీజిల్ వాగన్. రెండేళ్ల క్రితం ఒకరి దగ్గర కొన్నాను. ఇప్పటికి 2,10,000 కిలోమీటర్లు తిరిగింది. ఇంట్లో నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు. ఏడాదిలో ఆరు నెలలు మా అత్తగారు కూడా ఇక్కడే ఉంటారు. ఇది కాక, ఊళ్లో తెలుగువాళ్లం కలిసి చేసుకునే పండుగలకు సామాను మోసేది మా కారే. ఉగాది అయినా దసరా అయినా డిక్కీలోకి ఎక్కేవి దాదాపు ఇవే: ఇరవై కిలోల బియ్యం బస్తాలు ఆరు, రెండు పెద్ద గుండిగలు, గ్యాస్ పొయ్యి, రెండు స్పీకర్లు, మడత బల్లలు. అన్నీ కలిపి 240 కిలోల దాకా ఉంటాయని నా అంచనా.

పోయిన నెల మ్యూనిక్‌లో కార్యక్రమానికి ఏ8 రోడ్డు మీద వెళ్తూ, ఉల్మ్ రాకముందు డ్రాకెన్‌స్టైన్ కొండ ఎక్కుతున్నప్పుడు నాకు భయం వేసింది. మలుపులో ముందు భాగం తిరిగాక వెనక భాగం ఒక్క క్షణం ఆలస్యంగా ఊగుతూ వస్తోంది. స్టీరింగ్ చేతిలో మరీ తేలికగా ఉంది. గంటకు 80 కిలోమీటర్లు దాటలేదు. వెనక పిల్లలు నిద్రపోతున్నారు. ఇంటికి వచ్చి వారం గడిచినా ఆ ఊపు నా మనసులోంచి పోలేదు.

కారు ఎత్తు 30 మిల్లీమీటర్లు తగ్గిస్తే గరిమనాభి కిందికి వస్తుంది, ఊపు తగ్గుతుంది అని చదివాను. ఐబాక్, హెచ్ అండ్ ఆర్ కంపెనీల స్ప్రింగులు రెండూ చూశాను. నేలకు కాస్త దగ్గరగా కూర్చున్న వాగన్ రూపం నాకు చాలా ఇష్టం, అది దాచను. అయితే ఆ ఇష్టం నా లెక్కను తప్పుదారి పట్టించకూడదనే ముందు మిమ్మల్ని అడుగుతున్నాను. బరువు మోసే కారుకు వీటిలో ఏవి మంచివి?

వేగుచుక్క, ఫ్రాంక్‌ఫర్ట్

వేయించండి, ఆలోచించకండి. నా స్కోడా ఆక్టావియా వాగన్‌కు మూడేళ్ల క్రితం 30 మిల్లీమీటర్లు తగ్గించాను. 40,000 కిలోమీటర్లు నడిపాను. ఆటోబాన్ మీద గాలి కొట్టినా కారు రోడ్డును పట్టుకునే ఉంటుంది. ట్యూఫ్ అనే వాహన తనిఖీ సంస్థ దగ్గర తనిఖీ అరగంటలో అయింది. కాగితం మీద నమోదు కూడా చేయించాను. అంతకుముందు ఆ కారు నడపడం నాకు పని, ఇప్పుడు సంతోషం.

నేను మోసే బరువు మాత్రం మీ అంత ఉండదు. మేమిద్దరం, రెండు పెట్టెలు. అంతే.

ఇరుసుపట్టు, ఇంగోల్‌స్టాట్

నెక్కర్‌తీరం గారూ, మీరు ఏ స్ప్రింగు అని అడిగారు. దానికి ముందు రెండు విషయాలు తెలియాలి. మీ కారు వెనక మామూలు షాక్ అబ్జార్బర్లు ఉన్నాయా, నివోమాట్ (బరువు పడినా కారు ఎత్తును తానే సర్దే షాక్ అబ్జార్బర్) ఉందా? బరువు ఎక్కించినప్పుడు వెనక ఇరుసు మీద ఎన్ని కిలోలు పడుతున్నాయి? ఈ రెండూ తెలియకుండా స్ప్రింగు పేరు చెప్పడం, రోగిని చూడకుండా మందు రాసినట్లే.

నేను పదకొండేళ్లుగా సస్పెన్షన్ పనిలోనే ఉన్నాను. వాగన్ ఎత్తు తగ్గించడంలో చాలామంది మరిచిపోయేది చక్రం పైకి రావడానికి మిగిలే చోటు. ఖాళీ కారులో చక్రం ఇంకా కొంత పైకి కదలగలదు. ఆ దూరం అయిపోతే బంప్ స్టాప్ అనే నురగ దిమ్మె తగులుతుంది. అది కూడా నలిగిపోయాక ఇనుముకు ఇనుము తగిలినట్లే.

ఒక లెక్క చూడండి. అంకెలు ఉదాహరణకు తీసుకున్నవి, మీ కారువి కావు. వెనక ఒక్కో చక్రం దగ్గర స్ప్రింగు బిగువు మిల్లీమీటరుకు 30 న్యూటన్లు, రెండు వైపులా కలిపి 60. ఖాళీ కారులో చక్రానికి పైకి మిగిలిన చోటు 80 మిల్లీమీటర్లు. వెనక ఇరుసు మీద అదనంగా 300 కిలోలు పెడితే కారు సుమారు 49 మిల్లీమీటర్లు కుంగుతుంది. మిగిలింది 31. ఇప్పుడు 30 మిల్లీమీటర్లు తగ్గించే స్ప్రింగులు వేద్దాం. అవి 20 శాతం బిగువైనవే అనుకుందాం. బరువుకు 41 మిల్లీమీటర్లే కుంగుతుంది, నిజమే. కానీ మీరు మొదలుపెట్టింది 80తో కాదు, 50తో. మిగిలేది 9 మిల్లీమీటర్లు. రోడ్డు మీద చిన్న అతుకు వచ్చినా చాలు, కారు బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది.

మలుపు మధ్యలో ఇది జరిగితే ఏమవుతుందో ఊహించండి. అప్పటిదాకా మెత్తగా ఉన్న వెనక భాగం ఒక్కసారిగా రాయిలా గట్టిపడుతుంది. బయటి వైపు వెనక టైరు మీద బరువంతా పడి పట్టు తప్పుతుంది. ఊపు తగ్గాలని మీరు వేయించిన స్ప్రింగే కారును పక్కకు జార్చే ప్రమాదం ఉంది. వేగుచుక్క గారి అనుభవాన్ని కాదనడం లేదు. ఇద్దరు మనుషులు, రెండు పెట్టెలతో ఆయనకు ఆ అవసరం రాదు.

నెక్కర్‌తీరం, స్టుట్‌గార్ట్

ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. ఈ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు. స్ప్రింగు బిగువుగా ఉంటే చాలనుకున్నాను, చోటు గురించి ఆలోచించనే లేదు.

ఇప్పుడే చక్రం వెనక టార్చి వేసి చూశాను. షాక్ అబ్జార్బర్ చాలా లావుగా ఉంది, నా ముంజేయి అంత. ఇదేనా నివోమాట్?

రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్నవి: జి (కారు సొంత బరువు) దగ్గర 1,735. ఎఫ్.2 (అనుమతించిన మొత్తం బరువు) దగ్గర 2,230. 8.1 (ముందు ఇరుసు పరిమితి) దగ్గర 1,190, 8.2 (వెనక ఇరుసు పరిమితి) దగ్గర 1,120. అంటే 495 కిలోలు మోయవచ్చనే కదా?

పాతవోల్వో, గోథెన్‌బర్గ్

అవును, అది నివోమాటే. ఆ లావే దాని గుర్తు.

నేను 1998లో ఈ ఊరు వచ్చాను. అప్పటికి వోల్వో 240 అనే వాగన్ల తయారీ ఆగి అయిదేళ్లయినా వీధి నిండా అవే కనిపించేవి. తరవాత నేను నడిపిన 940 వాగన్‌కూ, ఇప్పటి వీ70కీ నివోమాటే ఉంది. దీని మీద నాకు అభిమానం ఎక్కువ, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

నివోమాట్‌కు పంపు మోటారు లేదు, గాలి గొట్టం లేదు, కరెంటు తీగ లేదు. లోపల నూనె, ఒత్తిడితో నింపిన వాయువు ఉంటాయి. బరువు వేయగానే కారు కుంగుతుంది. బయలుదేరాక రోడ్డు మీద చక్రం పైకీ కిందికీ కదిలే కదలికే లోపలి చిన్న పంపును నడిపిస్తుంది. ఆ పంపు నూనెను తక్కువ ఒత్తిడి గదిలోంచి ఎక్కువ ఒత్తిడి గదిలోకి తోస్తుంది. ఒకటి రెండు కిలోమీటర్లు వెళ్లేసరికి వెనక భాగం మళ్లీ తన ఎత్తుకు లేస్తుంది. బరువు దించితే నూనె వెనక్కి వెళ్లిపోతుంది. లోపలి ఒత్తిడి పెరిగే కొద్దీ ఊపును ఆపే శక్తి కూడా పెరుగుతుంది. మామూలు షాక్ అబ్జార్బర్‌కు ఈ గుణం లేదు, ఖాళీ కారైనా నిండు కారైనా దానికి ఒకటే.

ఇప్పుడు అసలు సంగతి. నివోమాట్ ఉన్న కారులో బరువులో కొంత అదే మోస్తుంది కాబట్టి, దాని పక్కన వేసే స్ప్రింగు మెత్తనిది. మీరు తక్కువ ఎత్తు స్ప్రింగు వేస్తే నివోమాట్ దాన్ని ఎలా చూస్తుందో తెలుసా? "కారు కుంగింది, బరువు పడింది" అనే. పంపు కొట్టి మళ్లీ పాత ఎత్తుకే లేపుతుంది. ముందు భాగం కిందికి, వెనక భాగం పైకి ఉన్న కారు మీకు మిగులుతుంది. పైగా బరువు కోసం దాచుకోవలసిన శక్తిలో కొంత ఖాళీ కారుకే ఖర్చయిపోతుంది. అందుకే ఎత్తు తగ్గించే స్ప్రింగుల పట్టికల్లో చాలా చోట్ల "ఎత్తు సర్దుకునే వెనక సస్పెన్షన్ ఉన్న కార్లకు కాదు" అని రాసి ఉంటుంది. ఆ వరుస చదవకుండా డబ్బు కట్టకండి.

ఇంకో మాట. నివోమాట్ తీసేసి మామూలు షాక్ అబ్జార్బర్ వేస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దు. మెత్తటి స్ప్రింగు ఒంటరిగా బరువంతా మోయలేదు, స్ప్రింగు కూడా మార్చాలి.

మీకు నా ప్రశ్న: మీ నివోమాట్‌లు అసలు పనిచేస్తున్నాయా? 2,10,000 కిలోమీటర్లు అంటే ఏ షాక్ అబ్జార్బర్‌కైనా పండు వయసే.

పసుపుకొమ్ము, హాంబుర్గ్

ఈ చర్చ నాలుగేళ్ల క్రితం దొరికి ఉంటే ఎంత బాగుండేదో. మా ఇంటి అనుభవం చెబుతాను, నాకు కారు భాగాల పేర్లు అంతగా తెలియకపోయినా.

మా వారు మా వాగన్‌కు 40 మిల్లీమీటర్లు తగ్గించే స్ప్రింగులు వేయించారు. పాత షాక్ అబ్జార్బర్లు అలాగే ఉంచారు. మొదటి వారం అందరం మెచ్చుకున్నాం. కారు నిజంగానే అందంగా ఉంది. తరవాత అపార్ట్‌మెంట్ కింది గ్యారేజీ వాలు దగ్గర ప్రతిరోజూ అడుగు భాగం గీసుకునేది. నేను ఆ వాలు దగ్గర పాపను దింపి, కారును వంకరగా ఎక్కించేదాన్ని.

అంతకన్నా బాధ పెట్టింది పాప ఆరోగ్యం. అప్పుడు దానికి మూడేళ్లు. ఎప్పుడూ కారులో హాయిగా నిద్రపోయేది, స్ప్రింగులు మార్చాక అరగంట దాటితే వాంతి చేసుకునేది. డాక్టరు పరీక్షించి ఏమీ లేదన్నారు. మేము రోడ్డు మీద నెమ్మదిగా గమనిస్తే, కారు చిన్న చిన్నగా, ఆగకుండా ఎగురుతోంది. గట్టి స్ప్రింగును పాత షాక్ అబ్జార్బర్ ఆపలేకపోతోందని తరవాత ఒక మెకానిక్ చెప్పారు. లోపలి అంచున టైర్లు ఎనిమిది నెలల్లోనే అరిగిపోయాయి, స్ప్రింగులు వేసినవారు చక్రాల అమరిక సరిచూడలేదు.

చివరికి పాత స్ప్రింగులే మళ్లీ వేయించి, షాక్ అబ్జార్బర్లు కొత్తవి పెట్టించాం. పాప మళ్లీ నిద్రపోవడం మొదలుపెట్టింది. నెక్కర్‌తీరం గారూ, మీ పిల్లలు వెనక సీట్లో నిద్రపోతున్నారని రాశారు. ఆ వాక్యం చదివాకే నాకు రాయాలనిపించింది.

వేగుచుక్క, ఫ్రాంక్‌ఫర్ట్

పసుపుకొమ్ము గారూ, చదివి బాధ కలిగింది. నేను స్ప్రింగులతో పాటు పొట్టి షాక్ అబ్జార్బర్లు కూడా వేయించాను, బిల్‌స్టీన్ బీ12 కిట్. దానిలో తగ్గించిన ఎత్తుకు తగిన బీ8 షాక్ అబ్జార్బర్లు, ఐబాక్ స్ప్రింగులు కలిసే వస్తాయి. బహుశా అందుకే నాకు ఆ ఎగురుడు లేదు.

అయినా నాకు ఒక సందేహం ఉంది. పందెం కార్లు కిందికే ఉంటాయి. గరిమనాభి తగ్గితే మలుపులో బరువు పక్కకు మళ్లడం తగ్గుతుంది, ఇది కాదనలేని సంగతి కదా? మరీ గట్టి స్ప్రింగు వేస్తే కుంగడమూ తగ్గుతుంది. ఆ దారి ఎందుకు వద్దు?

ఇరుసుపట్టు, ఇంగోల్‌స్టాట్

మంచి ప్రశ్న. గరిమనాభి సంగతి నిజమే, కానీ ఎంత మేరకు? 550 లేదా 600 మిల్లీమీటర్ల ఎత్తున ఉన్న గరిమనాభిని 30 తగ్గిస్తే పక్కకు మళ్లే బరువు అయిదు శాతం తగ్గుతుంది. అంతే. అదే డిక్కీలో బస్తాల మీద స్పీకర్లు పేరిస్తే ఆ అయిదు శాతంలో కొంత వెనక్కి పోతుంది. బస్తాలు ఎక్కడ పెట్టారన్నది స్ప్రింగులతో సమానంగా లెక్కకు వస్తుంది.

పందెం కారు బరువు మొదటి నుంచి చివరిదాకా దాదాపు ఒకటే, ఇంధనం తరిగే కొద్దీ కాస్త తగ్గుతుంది. కుటుంబ వాగన్ ఉదయం ఒక్కరితో ఆఫీసుకు వెళ్తుంది, సాయంత్రం అయిదుగురితో, 240 కిలోల సామానుతో కొండ ఎక్కుతుంది. నిండు బరువుకు సరిపోయేంత గట్టి స్ప్రింగు వేస్తే, ఖాళీగా ఉన్న రోజుల్లో అది పసుపుకొమ్ము గారి కారులాగే ఎగురుతుంది. ఏడాదిలో మూడు వందల రోజులు ఖాళీగానే తిరుగుతారు కదా.

మలుపులో కారు పక్కకు వాలడమే మీ బాధ అయితే దానికి యాంటీ రోల్ బార్ ఉంది. రెండు చక్రాలను కలిపే ఆ ఉక్కు కడ్డీ మరికాస్త లావుది వేస్తే ఎత్తు మారకుండానే వాలడం తగ్గుతుంది. కానీ అది బరువు మోయదు. రెండు చక్రాలూ ఒకేసారి కుంగితే అది ఊరికే తిరుగుతుంది, అంతే.

నెక్కర్‌తీరం గారికి జర్మనీ నిబంధన గురించి ఒక మాట. ఎత్తు తగ్గించే స్ప్రింగులతో సాధారణంగా టైల్‌గూటాఖ్టెన్ అనే కాగితం వస్తుంది. దాన్ని పట్టుకుని ట్యూఫ్, డెక్రా లాంటి సంస్థ దగ్గర తనిఖీ చేయించాలి. లేకపోతే కారు రోడ్డు మీద తిరిగే అనుమతే పోతుంది, ప్రమాదం జరిగితే బీమా దగ్గర కూడా ఇబ్బంది. ఆ కాగితంలో కారు పేరు ఒక్కటే చూడకండి. ఆ స్ప్రింగు ఎన్ని కిలోల ఇరుసు బరువు వరకు చెల్లుతుందో అందులో రాసి ఉంటుంది. మీ 8.2 అంకె దానికన్నా ఎక్కువ ఉంటే ఆ స్ప్రింగు మీది కాదు.

మీరు 495 కిలోలు మోయవచ్చని రాశారు. జి అంకెలో డ్రైవరుకు 75 కిలోలు కలిసే ఉన్నాయి, కాబట్టి మీ బరువు మళ్లీ కలపనక్కర్లేదు. తరవాత అమర్చిన ట్రైలర్ కొక్కెం లాంటివి అందులో ఉండవు. ఈ అంచనాలన్నీ పక్కన పెట్టి, పండుగ రోజు ఎలా ఎక్కిస్తారో అలాగే ఎక్కించి కాటా మీదికి వెళ్లండి. ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి, మొత్తం ఒకసారి. వ్యర్థాలు తీసుకునే కేంద్రాల్లో, రైతుల గిడ్డంగుల దగ్గర కాటాలు ఉంటాయి, కొద్ది రుసుముతో తూచి చీటీ ఇస్తారు.

కాటాకు వెళ్లేముందు ఒక టేపు తీసుకోండి. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు వరకు నాలుగు వైపులా కొలవండి. ఖాళీగా ఒకసారి, ఎక్కించగానే ఒకసారి, అయిదారు కిలోమీటర్లు నడిపాక ఒకసారి. పాతవోల్వో గారి ప్రశ్నకు జవాబు ఆ అంకెల్లో ఉంటుంది.

మూసీ, హైదరాబాద్

నేను దూరంగా ఉన్నా ఈ చర్చ నా కారుకూ పనికొస్తోంది. మా నాన్నగారి ఎర్టిగాలో ఏడుగురం ఎక్కి శ్రీశైలం వెళ్తే ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గర గుండె ఆగినట్లు అవుతుంది. ఎత్తు తగ్గించాలన్న కోరిక ఇక్కడ ఎవరికైనా ఉంటే ఆ ఊరి స్పీడ్ బ్రేకర్లే మానిపిస్తాయి. ప్రమాణం ప్రకారం 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. కాలనీల్లో అంతే ఎత్తును అర మీటరు వెడల్పులో కట్టేస్తారు. ఇక చట్టం సంగతి చూస్తే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు వివరాలకు భిన్నంగా కారును మార్చడం కుదరదు.

ఇక్కడ దుకాణాల్లో స్ప్రింగు చుట్ల మధ్య పెట్టే రబ్బరు దిమ్మెలు అమ్ముతారు. వేయిస్తే కారు కుంగదని చెబుతారు. అవి మంచివేనా?

ఇరుసుపట్టు, ఇంగోల్‌స్టాట్

మూసీ గారూ, వాటిని నేను వేయించను. స్ప్రింగు తన పొడవంతా వంగేలా తయారవుతుంది. మధ్యలో రబ్బరు ఇరికిస్తే ఒకటి రెండు చుట్లు కదలడం మానేస్తాయి, వాటి భాగం పని మిగిలిన చుట్ల మీద పడుతుంది. అలసిపోయి విరిగేది అక్కడే. ఏడుగురు తప్పనిసరి అయితే ముందు వెనక టైర్లలో నిండు బరువుకు చెప్పిన గాలి కొట్టించండి, ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర చీటీ మీద ఉంటుంది. షాక్ అబ్జార్బర్ల వయసు కూడా చూడండి. పెట్టెలను పైన కట్టవద్దు.

నెక్కర్‌తీరం, స్టుట్‌గార్ట్

శనివారం రోజంతా దీనికే కేటాయించాను. మా మిత్రులు ముగ్గురు వచ్చి సామాను ఎక్కించడంలో సాయం చేశారు. అత్తగారు కూడా "నన్ను కూడా తూచండి" అని వచ్చి కూర్చున్నారు. ఫలితాలు రాస్తున్నాను. కాటా 20 కిలోల మెట్లలో చూపిస్తుంది.

నేను ఒక్కడినే, ట్యాంకు నిండుగా: ముందు 1,020, వెనక 740, మొత్తం 1,760.

అయిదుగురం, పూర్తి సామాను, ఎప్పటిలాగే బస్తాలు డిక్కీ తలుపు దగ్గర: ముందు 1,040, వెనక 1,140, మొత్తం 2,180.

ఆ చీటీ చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాను. మొత్తం బరువు 2,230 లోపలే ఉంది. కానీ వెనక ఇరుసు పరిమితి 1,120, నేను 20 కిలోలు ఎక్కువ మోస్తున్నాను. 420 కిలోలు ఎక్కిస్తే అందులో 400 వెనక ఇరుసు మీదే పడ్డాయి. స్టీరింగ్ ఎందుకు తేలికైందో అప్పుడు అర్థమైంది. రెండేళ్లుగా ప్రతి పండుగకూ ఇలాగే వెళ్లాను, నా పిల్లలను ఎక్కించుకుని.

టేపు కొలతలు, వెనక చక్రాలవి మాత్రమే, మిల్లీమీటర్లలో. ఖాళీగా ఎడమ 376, కుడి 384. ఎక్కించగానే ఎడమ 322, కుడి 334. ఎనిమిది కిలోమీటర్లు నడిపాక ఎడమ 324, కుడి 356.

పాతవోల్వో, గోథెన్‌బర్గ్

మీ ఎడమ నివోమాట్ పనిచేయడం లేదు. కుడిది 22 మిల్లీమీటర్లు లేచింది, ఎడమది రెండే. కుడిది కూడా పూర్తిగా లేవలేదు, దాని వయసు కూడా అయిపోయింది. మలుపులో మీరు చూసిన ఊపు ఇదే. ఒకవైపు షాక్ అబ్జార్బర్ ఉంది, మరోవైపు మెత్తటి స్ప్రింగు ఒంటరిగా ఊగుతోంది. కారు పైకి ఎత్తించి ఎడమది తుడిచి చూడండి, నూనె కారిన మరక ఉంటుంది.

ఇరుసుపట్టు, ఇంగోల్‌స్టాట్

పాతవోల్వో గారు చెప్పిందే నిజం. ఈ స్థితిలో ఎత్తు తగ్గించే స్ప్రింగులు వేసి ఉంటే అసలు లోపం ఎవరి కంటా పడేది కాదు.

ఇరుసు బరువు గురించి. 20 కిలోల మెట్లున్న కాటాలో 20 కిలోలు ఎక్కువ అంటే అసలు ఎక్కువ అంతకు కాస్త తక్కువో ఎక్కువో కావచ్చు. దాన్ని ధైర్యంగా తీసుకోకండి. డిక్కీ తలుపు దగ్గర పెట్టిన బస్తా వెనక ఇరుసు దాటి ఉంటుంది. మీ చక్రాల మధ్య దూరం సుమారు 2.8 మీటర్లు. ఇరుసుకు 60 సెంటీమీటర్లు వెనక వంద కిలోలు పెడితే వెనక ఇరుసు మీద 121 కిలోలు పడతాయి, ముందు ఇరుసు నుంచి 21 కిలోలు లేచిపోతాయి. త్రాసులో ముల్లు ఇటు వాలితే అటు లేచినట్లే. బస్తాలను వెనక సీటు వీపుకు ఆనించి, అడుగునే పేర్చి, గట్టిగా కట్టండి. అప్పుడు మళ్లీ తూచండి.

నెక్కర్‌తీరం, స్టుట్‌గార్ట్

ఆరు వారాల తరవాత రాస్తున్నాను. ఆలస్యానికి మన్నించండి.

ఎడమ నివోమాట్ మీద మీరు చెప్పిన నూనె మరక ఉంది. పోయిన వసంతంలో కారు చూసిన వర్క్‌షాప్ దాన్ని పట్టించుకోలేదు. ఎవరినీ నిందించడం లేదు, ఇన్ని కిలోమీటర్లు మోసిన భాగం అది. రెండు వైపులా కొత్త నివోమాట్‌లే వేయించాను. ఎత్తు తగ్గించే స్ప్రింగులకు అనుకున్న డబ్బుకు రెట్టింపుకు పైగా అయింది. ముందు షాక్ అబ్జార్బర్లు, వాటి పై దిమ్మెలు కూడా అలసిపోయి ఉన్నాయి, వాటినీ మార్పించి చక్రాల అమరిక, హెడ్‌లైట్ల ఎత్తు సరిచేయించాను.

దసరాకు అదే ప్రయాణం. రెండు బస్తాలు మిత్రుడి కారులోకి వెళ్లాయి. నాలుగు సీటు వీపుకు ఆనించి అడుగున పెట్టాం, స్పీకర్లు వాటి వెనక. బయలుదేరేముందు తూచాను: ముందు 1,060, వెనక 1,080, మొత్తం 2,140. మొదటి పెట్రోల్ బంకు దగ్గర ఆగి కొలిచాను: ఎడమ 378, కుడి 379.

డ్రాకెన్‌స్టైన్ కొండ మీద అదే మలుపు, అదే 80 కిలోమీటర్లు. కారు ఒక్క ముక్కలా తిరిగింది. నేను మాట్లాడకుండా నడుపుతుంటే నా భార్య "ఏమైంది?" అని అడిగింది. ఏమీ కాలేదని చెప్పాను. ఏమీ కాకపోవడమే ఆ రోజు నాకు కావలసింది.

కిందికి కూర్చున్న వాగన్ మీద ఇష్టం ఇంకా పోలేదు. దాని బదులు 17 అంగుళాల చక్రాలు, 225/50 టైర్లు వేయించాను. బరువు సూచిక 98, అంటే ఒక్కో టైరు 750 కిలోలు మోస్తుంది. వీధి దీపం కింద చూస్తే బాగుంది.

పసుపుకొమ్ము, హాంబుర్గ్

ఎంత సంతోషంగా ఉందో. పిల్లలు నిద్రపోయారా?

నెక్కర్‌తీరం, స్టుట్‌గార్ట్

ఉల్మ్ దాటకముందే ఇద్దరూ నిద్రపోయారు. అత్తగారు కూడా.

వేగుచుక్క, ఫ్రాంక్‌ఫర్ట్

ఇదంతా చదివాక నా స్ప్రింగుల టైల్‌గూటాఖ్టెన్ కాగితం బయటికి తీశాను. మూడేళ్లలో మొదటిసారి ఇరుసు బరువుల వరుస చదివాను. నా కారు 8.2 అంకె దాని పరిమితి లోపలే ఉంది, ఊరట కలిగింది. కానీ జనవరిలో మాకు బిడ్డ పుట్టబోతోంది. మా అమ్మానాన్నలు కూడా వస్తున్నారు. ఇద్దరు మనుషులు, రెండు పెట్టెల కారు కాదు ఇక అది. పాత స్ప్రింగులు నేలమాళిగలో దాచే ఉంచాను. ఈ ఆదివారం టేపుతో కొలిచి అంకెలు ఇక్కడ పెడతాను. ఇరుసుపట్టు గారూ, ఖాళీగా కొలిచేటప్పుడు ట్యాంకు నిండుగా ఉండాలా?

ఇరుసుపట్టు, ఇంగోల్‌స్టాట్

నిండుగా ఉంచండి. టైర్లలో గాలి ముందే సరిచూడండి, హ్యాండ్ బ్రేకు వదిలి, సమతలం మీద ఒక అడుగు ముందుకీ వెనక్కీ తోసి ఆపాక కొలవండి. బ్రేకు పట్టి ఉంటే సస్పెన్షన్ బిగుసుకుని అంకె తప్పు వస్తుంది. మీ ఇంట్లో అందరికీ శుభాకాంక్షలు.